కారు నేనే నడిపిన

ఆ యాసంగి కోతలప్పుడు మా ఊరి రోడ్డు సగం బండ్లకు, సగం వడ్లకు. కోరుట్ల నుంచి వచ్చే తారురోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, వాటి అంచు వెంట తలకాయంత రాళ్ళు వరుసగా పేర్చేవారు. తేమ ఎక్కువుంటే కొనుగోలు సెంటరులో తూకం వేయరు. తారు వేడికి రెండు రోజుల్లో ఎండిపోతాయని రైతుల ఆశ. అది తప్పని వాళ్ళకూ తెలుసు, పోలీసులకూ తెలుసు. మిగిలిన సగం రోడ్డు మీద అందరూ సర్దుకుని పోవడమే. రాళ్ళున్న వైపు నుంచి వచ్చే బండి ఆగాలి, ఎదుటి బండి వెళ్ళాక కదలాలి. ఎక్కడా రాసిలేని ఈ రూలు మా దగ్గర సైకిలు తొక్కే పిల్లలకు కూడా తెలుసు.

తెలియనివాడు రైస్ మిల్లు సేటు కారు డ్రైవరొక్కడే. తెలియదనడం నా మంచితనం. తెలిసే ఆగలేదని నా నమ్మకం.

ఏప్రిల్ చివరి వారం, పొద్దున పది గంటలు. మా అత్త పోశవ్వకు కంటి ఆపరేషన్ అయి నెల దాటింది, జగిత్యాలలో డాక్టరుకు చూపించాలి. ఆమె ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. కారు నేను నడుపుతున్నాను. ఊరు దాటగానే కుడి పక్కన మొగిలి మామ వడ్లు. మా పక్క రోడ్డు ఖాళీగా ఉంది. ఎదురుగా తెల్లటి పెద్ద కారొకటి రాళ్ళను తప్పించుకుంటూ మా సగంలోకి దూసుకొచ్చింది. హారన్ కొట్టాను. ఎడమ చక్రాలు మట్టిలోకి దించి దాదాపు ఆగిపోయాను. అయినా అది మా కుడివైపు లైటును గుద్ది, మమ్మల్ని కాలువ మోరీ గోడ మీదికి నెట్టేసింది. అత్త పక్క తలుపు లోపలికి ముడుచుకుపోయింది. ఆమె అరవలేదు.

"బిడ్డా, నా కాలు ఏడున్నదో జర సూడు" అంది.

ఆ మాటకు నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది మొగిలి మామే. గడ్డపార పెట్టి తలుపు ఊడబెరికి, అత్తను చేతుల మీద ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు. ఆ మేలు నేను మరిచిపోను. ఆ తర్వాత చేసిన పని కూడా మరిచిపోను. మా ఆటో కదలగానే, రోడ్డు మీద వడ్లున్నాయని పోలీసులు కేసు పెడతారేమోనన్న భయంతో, ఆయనా ఆయన భార్య నర్సక్కా కలిసి ఉన్న వడ్లన్నీ ఎత్తి ట్రాక్టరులో ఇంటికి చేర్చారు. రాళ్ళు కాలువలోకి దొర్లించారు. చీపురుతో ఊడ్చారు కూడా. మధ్యాహ్నం పంచనామాకు వచ్చిన పోలీసులకు పెళ్ళివారింటి ముంగిలిలాంటి రోడ్డు కనిపించింది. రోడ్డు మీద ఎటువంటి అడ్డంకీ లేదని రాసుకున్నారు.

అడ్డంకి లేనప్పుడు మిల్లు కారు మా పక్కకు రావలసిన పనేముంది? అందుకే మేమే దాని పక్కకు పోయి గుద్దామని దాని డ్రైవరు మా మీదే కేసు పెట్టాడు.

కోరుట్ల ఆసుపత్రిలో అత్త కాలికి రాడ్డు వేశారు. మోకాలి కింద రెండు చోట్ల ఎముక విరిగింది. సాయంత్రం మా బావ మహేందర్ వచ్చాడు. మా ఆయన శ్రావణ్‌కు అన్న. పదకొండేళ్ళు దుబాయ్‌లో ట్రైలర్ నడిపి, రెండేళ్ళ కింద తిరిగొచ్చాడు. అన్న వచ్చాక తమ్ముడు వెళ్ళాడు. శ్రావణ్ సెలవు మీద వచ్చినప్పుడు కొన్న పాత కారు అది. ఇంట్లో ఎవరో ఒకరు నేర్చుకోకుంటే తుప్పు పడుతుందని నేను డ్రైవింగ్ స్కూలుకు పోయి నేర్చుకున్నాను, మొదటిసారే పాసై లైసెన్సు తెచ్చుకున్నాను. బావ మాత్రం తనకు ఇక్కడి లైసెన్సు అక్కర్లేదనేవాడు. దుబాయ్‌లో పాసైనవాడు లోకంలో ఎక్కడైనా పాసైనట్టేనట.

స్టేషనుకు పోయి దరఖాస్తు ఇచ్చి వచ్చానని చెప్పాడు. ఏమని ఇచ్చావని అడిగాను.

"నేనే నడిపిన అని రాసిచ్చిన. ఆడమనిషి నడిపిందంటే ఇంకేం అడుగరు, తప్పు నీదే అంటరు. నాది దుబాయ్ లైసెన్స్. నా పేరుంటే ఎవడన్న నోరెత్తుతడా?"

అతని మనసులో కల్మషం లేదు, అదే నా బాధ. మేలు చేశాననే అనుకున్నాడు. నేను కాదని చెప్పి ఉండాల్సింది. చీరకు అత్త రక్తం, దుబాయ్ నుంచి ఫోన్లో శ్రావణ్, అన్న చెప్పినట్టు విను, నువ్వు మధ్యలకు రాకు అని. ఊరుకున్నాను. ఊరుకోవడంతో ఆగితే కొంత నయం. మూడో రోజు కారు ఇన్సూరెన్సు ఫారం వచ్చింది. బావ రాత బావకే అర్థం కాదు కాబట్టి నన్నే నింపమన్నాడు. డ్రైవరు పేరున్న చోట మహేందర్ అని నా చేతితోనే రాశాను. లైసెన్సు నంబరున్న గడిలో, అతను దుబాయ్ కార్డు చూసి ఒక్కో అంకె చదువుతుంటే, ఒక్కో అంకె వేశాను. ఆ సంగతి దాచుకుంటే ఈ కథ చెప్పే హక్కు నాకు లేదు.

నేనే నడిపానని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడి మహేందర్ నడిపాడంది. మా ఊరికి అంత ఐకమత్యం నేనెన్నడూ చూడలేదు.

అత్తను ఇంటికి తెచ్చిన రోజు ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. బీడీల చాటలు కూడా వెంట తెచ్చుకుని, మాట మాటకూ ఒక బీడీ చుడుతూ కూర్చున్నారు. వెళ్ళేముందు మా ఎదురింటి సరోజన నా భుజం తట్టింది.

"మీ బావ దేవుడే వనితా. నీ తప్పంత ఆయన మీదేసుకున్నడు."

నీ తప్పు. ఆమె ప్రేమగానే అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఎడమ చక్రాలు మట్టిలోకి దించి నిలబడిన మనిషిని నేను. నా పేరు తీసేయగానే తప్పు నాదైపోయింది.

అత్త ఇంటికొచ్చి వారం తిరక్కముందే ఇన్సూరెన్సు కంపెనీ తరఫున విచారణకు జాన్ అనే మనిషి వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా, మంచినీళ్ళు తాగాక గ్లాసు కూడా తానే లోపల పెట్టేంత మర్యాదగా ఉన్నాడు. బావ కుర్చీ వేసి, ప్లాస్టిక్ కవరులోంచి దుబాయ్ లైసెన్సు తీసి పెళ్ళి ఫోటో చూపించినట్టు చూపించాడు. జాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది అక్కడ చెల్లుతుంది గానీ ఇక్కడ చెల్లదన్నాడు. బావ ముఖం చిన్నబోయింది. అయినా పదకొండేళ్ళ అనుభవం సంగతి ఎత్తుకున్నాడు. జాన్ ఓపికగా విని, ఒక్కటే అడిగాడు.

"అన్నా, దుబాయ్‌ల రోడ్డుకు ఏ పక్క నడుపుతరు?"

"కుడిపక్క. ఆడ అంత రైట్ సైడే."

"పదకొండేండ్లు కుడిపక్కనే నడిపిండ్రు?"

"ఒక్క చలాన్ లేదు సార్. రాసుకోండ్రి."

జాన్ రాసుకున్నాడు. రాసుకోవడం అయ్యేదాకా బావకు తెలియలేదు. నాకు మాత్రం ఆ మాట అనగానే అర్థమైంది. పదకొండేళ్ళు కుడిపక్కన నడిపిన మనిషి అలవాటు కొద్దీ కుడిపక్కకు పోయి మిల్లు కారును గుద్దాడు. మిల్లు వకీలుకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ వకీలు వేరే వెతుక్కోనక్కర లేకుండా మేమే కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ రాయించాం.

జాన్ వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ నా వైపు చూశాడు. ఈ ఇంట్లో ఇక్కడి లైసెన్సు ఎవరికైనా ఉందా అని అడిగాడు. నాకుందన్నాను. అతను తలూపి బండి స్టార్ట్ చేసుకున్నాడు.

మరునాడే మిల్లు గుమస్తా రాజీ మాట పట్టుకొచ్చాడు. రెండు వైపులా కేసులు వాపసు తీసుకుందాం, ముసలామె మందులకు సేటు ఏదో ఒకటి చూస్తాడు, తప్పు మీ కారుదేనని చిన్న కాగితం మీద సంతకం చేస్తే చాలన్నాడు. చిన్న కాగితమే. అది చేతికిస్తే అత్త కాలికి ఎవరినీ ఏమీ అడిగే దారి ఉండదు. ఆమె నడుస్తుందో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. బావ పెన్ను వెతుక్కుంటున్నాడు.

"సంతకం పెట్టకు బావా" అన్నాను.

"మరేం చేద్దమంటవ్? నా లైసెన్స్ చెల్లదాయె. సాక్షి లేకపాయె."

"సాక్షి ఉన్నడు. నేను పోయి అడుగుత."

కొనుగోలు సెంటరులో మొగిలి మామ వడ్లకుప్ప పక్కన తువ్వాల నెత్తికి కట్టుకుని కూర్చున్నాడు. వారం నుంచీ లారీ కోసం ఎదురుచూపు. ఆ రోజు రోడ్డు మీద నీ వడ్లున్నాయని చెప్పు చాలు అని అడిగాను. ఆయన చాలాసేపు గింజలను అరచేతిలో నలిపి చూసుకున్నాడు. మా సెంటరు వడ్లు పోయేది ఆ సేటు మిల్లుకే. ఆయన నోరు తెరిస్తే తాలు ఉందనో తేమ ఉందనో బస్తాకు ఇంతని తరుగు కోస్తారు, లేదా లారీనే వెనక్కి పంపుతారు. నాకు తెలిసిందే. కానీ ఆయన అన్నది ఆ మాట కాదు.

"మీ ఇంట్లనేమో నడిపినోళ్ళ పేరే మార్చిండ్రు. నన్నొక్కన్ని నిజం చెప్పమంటున్నవా బిడ్డా?"

అక్కడి నుంచి తిరిగొచ్చాను. ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

ఆ సాయంత్రం తంగళ్ళపల్లి నుంచి మా నాన్న ఆనందం వచ్చాడు. సిరిసిల్లలో ముప్పై ఏళ్ళుగా మరమగ్గం సాంచెలు నడుపుతున్నాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి కాబట్టి ఏదైనా గట్టిగా చెప్పాలి, ఇంట్లో అందరూ వింటారు. అందరూ విననీ అనే మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నా చేతితో ఫారం నింపిన సంగతితో సహా. నాన్న బావను తిట్టలేదు, నన్ను ఓదార్చలేదు.

"పోగు తెగితే సాంచ బంద్ చేసి ఆడనే ముడెయ్యాలె. అట్లనే నడిపితే గజం గజం బట్ట ఖరాబైతది. ఎంత నడిపిచ్చిండ్రు?"

"పన్నెండు దినాలు."

"ఇగ సాలు, బంద్ చెయ్యి" అని, అన్నం పెట్టమన్నాడు.

పొద్దున్నే స్టేషనుకు బయలుదేరాను. వద్దని బావ గుమ్మం దాకా వచ్చాడు. తాను అబద్ధాలకోరని ఊరంతా అంటుందని, తన పరువేం కావాలని అడిగాడు. శ్రావణ్ కూడా ఫోన్ చేశాడు. వీడియోలో అతని ముఖం చూసి చెప్పాను, నీ అన్న పరువు కోసం నీ తల్లి కాలు పణంగా పెట్టను అని. అతను చివరికి జాగ్రత్తగా పోయి రా అన్నాడు.

స్టేషనులో ఎస్సై నా మాట సాంతం విన్నాడు. విన్నాక కోపమొచ్చింది. పోలీసులంటే ఆటలుగా ఉందా, తప్పుడు దరఖాస్తు ఇచ్చినందుకు మీ బావ మీద, ఫారం నింపినందుకు నీ మీద కేసు పెట్టొచ్చు తెలుసా అన్నాడు. తెలుసన్నాను. బల్ల మీద నా లైసెన్సు పెట్టాను.

"పెట్టండి సార్. కాని పేరు మాత్రం సరిగ్గ రాసి పెట్టండి. కారు నేనే నడిపిన."

ఎస్సై లైసెన్సు చూశాడు, నన్ను చూశాడు. రైటరును పిలిచి రాసుకోమన్నాడు. అంతే. పన్నెండు రోజులు చెప్పలేకపోయిన మాట రెండు నిమిషాల్లో కాగితం మీదికి దిగిపోయింది.

పక్కన కూర్చున్న మనిషి కూడా చెప్పాలి కదా అని, అదే రోజు రైటరు మా ఇంటికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఎవరు నడిపారవ్వా అని అడిగాడు. అత్త అతని చేతిలో పెన్ను వంక చూసి, రాస్తున్నవా అని నిర్ధారణ చేసుకుంది.

"నా కోడలు నడిపింది. పెద్దోడు దుబాయ్ నుంచి అచ్చిన కొత్తల నన్ను కోరుట్లకు తీస్కపోయిండు. కుడిపక్కకే తోలిండు. ఎదురుంగ బస్సు. గా దినం సంది ఆడు తోలే బండి నేను ఎక్కితే ఒట్టు. గది గూడ రాయి."

బావ గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. తల్లి తన వైపు చూడనైనా చూడలేదు. అతను మెల్లగా లోపలికి వచ్చి, రైటరు పక్కన చాప మీద కూర్చుని, నా దరఖాస్తు తప్పు సార్, నేను గా దినం ఇంట్లనే ఉన్న అన్నాడు. నాకు అతని మీద ఉన్న కోపమంతా అక్కడే కరిగిపోయింది. పరువంటూ ఏదైనా ఉంటే అతను దాన్ని ఆ చాప మీదే సంపాదించుకున్నాడు.

మూడు రోజుల తర్వాత స్టేషను నుంచి ఫోనొచ్చింది, మళ్ళీ పంచనామా చేస్తాం రమ్మని. పోయేసరికి మోరీ దగ్గర ఎస్సై, రైటరు, వాళ్ళ పక్కన మొగిలి మామ, నర్సక్క. వాళ్ళను పిలిచింది నేను కాదు, పోలీసులు కూడా కాదు. వాళ్ళంతట వాళ్ళే స్టేషనుకు పోయారట.

"వడ్లు నావే. రాళ్ళు నావే. ఊడ్చింది గూడ నేనే" అని మొగిలి మామ చెబుతున్నాడు.

మిల్లు వైపు మనిషి ఒకడు వచ్చి, డబ్బు తీసుకుని చెబుతున్నాడన్నాడు. మొగిలి మామ కాలువలోకి దిగి, ఒక్కొక్క రాయే పైకి విసరడం మొదలుపెట్టాడు. నర్సక్క ఆయన్ని ఆపి, రోడ్డు అంచు చూపించింది. పది రోజుల కింద అకాల వాన పడింది. ఎంత ఊడ్చినా తారు అంచున మట్టిలోకి జారిన గింజలు మిగులుతాయి. అవి మొలకెత్తాయి. మిల్లు కారు రావలసిన పక్కనే, మోరీకి ఎదురుగా మొదలై, ఇరవై గజాల పొడవున వేలెడంత పచ్చటి గీత. రెండో పక్క, మా పక్క, ఒక్క మొలక కూడా లేదు. ఎస్సై ఆ గీత వెంట ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. ఫోటోలు తీయించాడు. మిల్లు మనిషి ఫోను చెవికి పెట్టుకుని దూరం పోయాడు.

ఆ తర్వాత మొగిలి మామ లారీ మిల్లు గేటు ముందు మూడు రోజులు నిలబడింది. తరుగు కూడా కోశారు. ఆయన నాతో ఒక్క మాట అనలేదు. నర్సక్క చెబితే తెలిసింది. నేను ఊరుకోలేదు, సెంటరులో ఉన్న రైతులందరితో సంతకాలు పెట్టించి జగిత్యాల కలెక్టరేటుకు పోయి ఇచ్చొచ్చాను. ఏమవుతుందో తెలియదు. ఇవ్వడం మాత్రం ఇచ్చాం.

మిల్లు డ్రైవరు మీద కేసు ఖాయమైంది. అత్త కాలికి పరిహారం అడుగుతూ సంధ్యారాణి అనే వకీలు మేడం ద్వారా జగిత్యాల కోర్టులో దావా వేస్తున్నాం. మా కారు ఇన్సూరెన్సు మాత్రం రాలేదు. ఫారంలో తప్పుడు వివరాలిచ్చినందుకు మీ క్లెయిము తిరస్కరించామని ఉత్తరం వచ్చింది. ఆ తప్పుడు వివరాలు నా రాతలోనే ఉన్నాయి. దాన్ని చదివి నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఉత్తరం చింపకుండా దాచుకున్నాను.

కారును సొంతంగానే బాగు చేయించుకున్నాం. ఎడమ పక్క తలుపు కోసం నాన్న సిరిసిల్ల పాత సామాన్ల షెడ్లన్నీ తిరిగి ఒకటి పట్టుకొచ్చాడు. తెల్ల కారుకు ఎర్ర తలుపు. రంగు వేయిద్దామని బావ అన్నాడు. వద్దు, నలుగురికీ కనిపించనీ అన్నాను.

జూన్‌లో వానలు మొదలైన వారం, దావా కాగితాల మీద అత్త వేలిముద్ర వేయాలని వకీలు మేడం రమ్మంది. అత్త చంకకర్ర ఆనించుకుని తానే వచ్చి ఎర్ర తలుపు ముందు నిలబడింది. బీడీలు చుట్టే ఆడవాళ్ళందరూ అరుగుల మీద నుంచి చూస్తున్నారు. సరోజన చాట పక్కన పెట్టి మరీ చూస్తోంది. అత్తను ముందు సీట్లో కూర్చోబెట్టి, కాలు సరిగా చాపించి తలుపు వేశాను. తిరిగి చూస్తే బావ డ్రైవరు తలుపు దగ్గర నిలబడి, అలవాటుగా తాళంచెవి కోసం చెయ్యి చాపి ఉన్నాడు.

నేను ఆ చెయ్యి వంక చూశాను. అతనూ తన చెయ్యి తానే చూసుకున్నాడు. తర్వాత పక్కకు జరిగి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు.

నేను సీటు ముందుకు లాక్కుని, అద్దం సరిచేసుకున్నాను. అద్దంలో అతని ముఖం కనిపించింది.

"బెల్టు పెట్టుకో బావా" అన్నాను.